రిఫరెన్స్

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక, మూడో అంతస్తులో, చదువు లోన్లు వసూలు చేసిపెట్టే ఏజెన్సీ. బల్లకు అటు టీమ్ లీడర్ శ్యాంసుందర్, ఇటు నిరుడు బీటెక్ పాసై ఇంటర్వ్యూకు వచ్చిన ప్రమోద.

“గీ ఉమైరా నీకెట్ల ఎరుక?”

“క్లాస్‌మేట్ సార్. ఆమె పేరు నా రెజ్యూమెల లేదు గద?”

“ఆమె లోన్ ఫారంల నీ పేరుంది. రిఫరెన్స్ అని.”

“అది... కాలేజీల ఒకరికొకరం రాసుకున్నం సార్. ఆమెది నేను, నాది ఆమె. రిఫరెన్స్ అంటే, మంచిపిల్ల అని చెప్పెటోళ్లు అనుకున్నం.”

“మంచిగనే అనుకున్నరు. మనిషి దొరకకుంటే ఎవర్ని పట్టుకోవాల్నో వాళ్లు రిఫరెన్స్. ఐదు నెలల సంది కిస్తీ కట్టలే ఆమె. వారం సంది ఫోన్ బంద్. పంజాగుట్ట హాస్టల్ ఖాళీ. కొత్త నంబర్ నీ దగ్గరుంటది.”

“లేదు సార్.”

“ప్రమోదా.”

“...ఉంది సార్.”

“నీ లోన్ సుత మన దగ్గరికే వచ్చింది. ఎరుకేనా?”

“ఎరుకే. జాబ్ వస్తే మొదటి జీతం సంది కడ్త సార్.”

“మీ బాపు బోరబండల టైలర్ గద. ఇయ్యాల మనోళ్లు ఇద్దరు షాపుకు పోతున్నరు. గిరాకీల ముంగట అడుగుతరు. నీ బిడ్డ దొంగనా, నువ్వు దొంగనా అని.”

“వద్దు సార్. నేను కిస్తీలు కడుతున్ననే అనుకుంటుండు బాపు.”

“అయితే ఉమైరాకు ఫోన్ చెయ్యి. ఏడుందో కనుక్కో. గదే నీ ఇంటర్వ్యూ. కనుక్కుంటే రేపటి సంది జాబ్. షాపుకు పోవుడు సుత ఆపుత.”

“ఆమె నా దోస్తు సార్.”

“గందుకే నీకైతే చెప్తది. స్పీకర్ పెట్టు.”

“హలో, ఉమైరా? నేను.”

“ప్రమోదా. ఎన్ని దినాలాయె యార్. తిన్నవా?”

“తిన్న. నువ్వెక్కడున్నవ్?”

“ఉన్నలే ఒక దగ్గర. మీ బాపు మంచిగున్నడా? జర కొన్ని దినాలు షాపు బంద్ పెట్టమను.”

“ఎందుకు?”

“ఊకనే. ఎండలు గద. నీ గొంతేంది, గట్లుంది?”

“ఏం లేదు. జలుబు. నిన్ను... నిన్ను చూడబుద్ధయితుందే.”

“నాకు సుత. కానీ ఇప్పుడొద్దు.”

“ఒక్కసారి.”

“...ఎవరికీ చెప్పకు. శ్రీనగర్ కాలనీల హైమవతి మేడం ఇంట్ల పిల్లలకు ట్యూషన్ చెప్తున్న. ఉండనీకి మీది అంతస్తుల అర్ర ఇచ్చింది. గుడి ఎనక గల్లీ, పచ్చ గేటు. సాయంత్రం రా, బగారన్నం వండుత.”

“వస్త.”

“ఒక్కదానివే రా.”

“ఒక్కదాన్నే వస్త.”

“శభాష్. ఫోన్ పక్కకు పెట్టు. సాయంత్రం నువ్వు పోవుడు అక్కర లేదు, మనోళ్లు పోతరు.”

“బాపు షాపుకు పోనియ్యరు గద సార్?”

“ఎట్ల పోతరు? ఫారంల ఉన్న షాపు మీ బాపు ఎప్పుడో ఖాళీ చేసిండు. కొత్తది ఏడుందో మాకు దొరకలే.”

“మరి ఇద్దరు పోతున్నరంటిరి...”

“అంటం. గట్లనకుంటే నువ్వు ఫోన్ చేస్తుంటివా? ఏడుస్తవేంది? పోయిన వారం ఉమైరాను గిట్లనే పిలిచిన. నీ రిఫరెన్స్ ఆమెనే గద. మీ బాపు కొత్త షాపు అడ్రస్ చెప్తే ఆమెకు జాబ్ ఇస్త, ఆమె కిస్తీలు ఆపుత అన్న.”

“చెప్పిందా సార్?”

“చెప్తే గీ జాబ్ నీదాక ఎందుకొస్తది?”