ఎర్ర అంకెలు

గని సైరన్ మోగగానే తల్లి వంటింట్లో హీటర్ వేసింది. క్వార్టర్‌లో దీపం గుడ్డిదైంది. ముందుగదిలో, కూతురు తను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి తెచ్చుకున్న, మీటలున్న చిన్న కంప్యూటర్ పలక మీద ఎర్ర అంకెలు ఆరిపోయాయి.

“అవ్వా! మళ్ల హీటర్ పెట్టినవా?”

“బాపు డ్యూటీ దిగి వస్తుండు. తానానికి నీళ్లు కాగొద్దా?”

“పొద్దటి సంది కొట్టిన ప్రోగ్రామంత పోయింది. కరెంటు జర తగ్గినా దీనికి ఏం యాదుండదు.”

“మీ నాయినమ్మ తీరు. తిన్నది మరిచి మళ్ల బువ్వ అడిగేది.”

“నవ్వకు. రేపు ప్రిన్సిపాల్ ముంగట గిదే కొట్టి నడిపియ్యాలె. తప్పితే నౌకరి పోతది. ఇంట్ల ఒక్కపారన్న నడిపి చూసుకోవద్దా? ఇగ నాతోని కాదు.”

“పొద్దుగాల నేను వండింది ఉన్నదా? తిన్నరు, అయిపోయింది. మళ్ల వండుతలేనా?”

“నీకు పరీక్ష పెట్టేటోళ్లు లేరు కదనే.”

“మీ బాపు రోజూ పెడ్తడు. హీటర్ తీసేసిన, కొట్టు. బొగ్గుల పొయ్యి ముట్టిస్త.”

“పొగకు నీకు దమ్ము లేస్తదే అవ్వా!”

“అందుకే జల్ది కొట్టు.”