షాలేం రాజు తెరవని కవరు

సహోదరులారా, సహోదరీలారా. ఇక్కడి బాతెల్ ఊరివాళ్లకీ, రెడ్‌మండ్ నుంచి పని మానుకుని వచ్చినవాళ్లకీ వందనాలు. మన షాలేం రాజు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. యాభై మూడేళ్ల మనిషి. గుండెపోటు. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. అమ్మా జోసఫిన్, భర్త పోయిన నీకు ఏం చెప్పాలో నాకు తెలీదు. చెప్పడం వచ్చినవాళ్లు నాకంటే ముందే చెప్పారు.

నేను మైకు దగ్గరికి వస్తుంటే కొందరు తలలు దించుకున్నారు. ఎందుకో తెలుసు. నాలుగేళ్ల మూడు నెలలుగా నేను షాలేం రాజుతో మాట్లాడలేదు. ఆయన కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు కూర్చున్నాను. ఆయన ప్లేటు పట్టుకుని భోజనాల లైన్లో ఉంటే నేను బయట కారులో కూర్చున్నాను. ఇది మీరందరూ చూశారు. మరి ఈ దైవాశీర్వాదం ఇవాళ ఎందుకు నిలబడ్డాడు? జోసఫిన్ నిలబడమంది. గురువారం మా ఇంటికి వచ్చి ఒక కవరు ఇచ్చి వెళ్లింది. అది నా జేబులో ఉంది.

ఆ కవరు గురించి చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి. ఆయన ఈ అమెరికాలోనే వేరే రాష్ట్రంలోని ఒక బేస్‌బాల్ టీంకి ఇక్కడ ఇంట్లో కూర్చుని పని చేసేవాడు. ఒక టీంకి పేరున్న ఆటగాడు కావాలి. అవతలి టీం ఊరికే ఇవ్వదు. పెద్ద లీగ్‌కి ఇంకా ఎక్కని కుర్రాళ్లని ఇద్దరినో ముగ్గురినో అడుగుతుంది. దాన్ని ట్రేడ్ అంటారు. ఆ కుర్రాళ్లు రేపు ఏమవుతారో ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు. ఇవ్వొచ్చా వద్దా అని ముందు చెప్పడం, ఇచ్చాక మంచే జరిగిందా అని తర్వాత తేల్చడం, ఇదే ఆయన ఉద్యోగం.

ఆయనకో పద్ధతి ఉండేది. ఆఫీసుకి పంపేది ఎలాగూ పంపేవాడు. అది కాక ప్రతి ట్రేడ్‌కీ ముందు రోజు ఒక తెల్లకాగితం మీద తెలుగులో తన మాట రాసుకునేవాడు. ఇవ్వాలా, వద్దా, ఎందుకు. తారీఖు వేసి, సంతకం పెట్టి, కవరులో పెట్టి అంటించేవాడు. ఐదేళ్ల దాకా తెరిచేవాడు కాదు. ఐదేళ్లకి తెరిచి, కింద తన తీర్పు రాసేవాడు.

ఒక ఆదివారం, భోజనాల దగ్గర, మన సంఘం కుర్రాడు సృజన్ ఆయన్ని పట్టుకున్నాడు. "అంకుల్, మీరు వదిలేసినవాడు నిన్న మూడు హోమ్ రన్స్ కొట్టాడు! మీ బాస్ ఇంకా మిమ్మల్ని ఫైర్ చెయ్యలేదా?" అని. అందరం నవ్వాం. ఆయన పప్పు కలుపుకుంటూ, "వాడు మూడు కొట్టింది నిన్న కదా నాన్నా, ఇంకా నాలుగేళ్లు ఉంది, ఈలోగా నువ్వు ఆ అప్పడం ఇటివ్వు" అన్నాడు. సృజన్, నువ్వు ఇక్కడే ఉన్నావు. నీకు గుర్తుండే ఉంటుంది.

ఇంకో రోజు నేను వాళ్లింట్లో ఉండగా ఒక కవరు గడువు వచ్చింది. అది ఆ టీం ఊరంతా మెచ్చుకున్న ట్రేడ్. ఇచ్చిన కుర్రాళ్లిద్దరూ పైకి రాలేదు. తెచ్చుకున్నవాడు టీంని గెలిపించాడు. నేనైతే ఫ్రేము కట్టించుకునేవాణ్ని. ఆయన తన కాగితం చదువుకుని, కింద ఒకే మాట రాశాడు. తప్పు. అదేంటయ్యా, గెలిచారు కదా అంటే, "గెలిచాం అన్నా. కానీ ఆ కుర్రాళ్లకి కష్టపడే గుణం లేదని రాశాను. అది అబద్ధం. ఒకడికి మోకాలు పోయింది, ఇంకొకడి తల్లికి జబ్బు చేసింది. నేను చెప్పిన కారణం ఒక్కటీ నిలబడలేదు. ఆ రోజు మనకు తెలిసిందాన్ని బట్టి చూడాలి, తర్వాత జరిగిందాన్ని బట్టి కాదు" అన్నాడు. నేను పదో తరగతి చదివినవాణ్ని. బాపట్ల దగ్గర పొలం పనులు చేసి, ఇక్కడికొచ్చి ల్యాబ్ బిల్డింగుల్లో పైపులు బాగుచేసినవాణ్ని. పంట వస్తే సరైన సాగు, రాకపోతే తప్పు సాగు, నాకు తెలిసింది అంతే. ఆ రోజు ఆయన మాట నాకు ఎక్కలేదు.

ఇక మా కెన్నీ సంగతి.

మా అబ్బాయి ఎడమచేతి పిచర్. పిచర్ అంటే బంతి విసిరేవాడు. ఆ టీమే వాణ్ని తీసుకుంది. ఇంకేం, మన షాలేం రాజు అక్కడే ఉన్నాడు, మనవాడికి భయం లేదు అనుకున్నాం. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి వాడికి మోచెయ్యి నొప్పి మొదలైంది. టీం డాక్టరుకి చెప్పలేదు. చెబితే పక్కన కూర్చోబెడతారని భయం. వాళ్లమ్మకి చెప్పాడు. మా ఆవిడ నవోమి నాకు చెప్పింది. నేనేం చేశాను? ఆదివారం ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఇక్కడే, ఈ హాల్లోనే లేచి నిలబడి, మా కెన్నీ మోచెయ్యి కోసం ప్రార్థించండి, టీం వాళ్లకి ఇంకా తెలీదు అని అందరి ముందూ చెప్పాను. షాలేం రాజు మూడో వరసలో ఉన్నాడు.

ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "అన్నా, ఆ మాట నా ముందు అనకుండా ఉండాల్సింది. వాణ్ని వెంటనే డాక్టరుకి చెప్పమను. వాడే చెప్పాలి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ప్రార్థన అడగడం తప్పా?

వాడు డాక్టరుకి చెప్పలేదు. మూడు వారాలకి కెన్నీని ట్రేడ్ చేశారు. ఎనిమిది నెలలకి వాడి మోచేతికి ఆపరేషన్ అయింది.

ఇంక నాకు అనుమానం ఏముంది? పార్కింగ్ లాట్‌లో పదిమంది చూస్తుండగా ఆయన కాలరు పట్టుకున్నాను. నా ప్రార్థన విని, చెయ్యి విరిగేలోపు నా కొడుకుని వదిలించుకున్నావు అన్నాను. ఆయన నా చెయ్యి తియ్యలేదు. "ఐదేళ్లు ఆగన్నా" అన్నాడు. అంతే. ఆ తర్వాత రెండు కుటుంబాలు నా మాట నమ్మి ఆయన ఇంటికి వెళ్లడం మానేశాయి. నేను వాళ్లని ఆపలేదు.

ఐదేళ్లకి ఇంకో నెల ఉంది. ఆయన ఆగలేకపోయాడు.

శుక్రవారం కవరు తెరిచాం. కాగితం చదువుతాను. కెన్నీ వెనక వరసలో ఉన్నాడు, వాణ్ని అడిగే చదువుతున్నాను.

"కెన్నీ. ఎడమచేతి పిచర్. ఇరవై రెండేళ్లు. ఇవ్వాలా, వద్దా: రాయను. ఆఫీసులో కూడా రాయనని చెప్పాను. కారణం అడిగారు, చెప్పలేదు. ఈ అబ్బాయి గురించి నాకు తెలిసింది పనిలో తెలిసింది కాదు, ప్రార్థనలో విన్నది. చెబితే ప్రార్థనని వాడుకున్నట్టు. చెప్పకపోతే మా టీంకీ, అవతలి టీంకీ నిజం దాచినట్టు. రెండూ తప్పే. రెండోది చేస్తున్నాను. వాడు ఆడుతున్నన్నాళ్లూ ఇది బయటికి రాకూడదు. వస్తే దాచిపెట్టినవాడని వాడికి పేరొస్తుంది."

కింద 'ఐదేళ్ల తర్వాత' అని రాసి, ఖాళీ వదిలాడు.

"నేను రాయలేదన్నా" అని ఆయన పార్కింగ్ లాట్‌లో ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఎందుకు రాయలేదని నేను అడిగేవాణ్ని. నా నోరు సంగతి ఆయనకి తెలుసు. విన్నది ఈ హాలు దాటించేవాణ్ని. అందుకని అనలేదు. కారణం చెప్పనందుకు ఆఫీసులో మళ్లీ ఆయన్ని కుర్రాళ్ల గురించి అడగలేదు, టిక్కెట్ల విభాగంలో వేశారు. ఆ సంగతి జోసఫిన్ చెబితే గురువారమే నాకు తెలిసింది.

ఆ ట్రేడ్ మంచిదా, చెడ్డదా? ఆయన టీం తెచ్చుకున్న పెద్ద పిచర్ నాలుగు నెలలు బాగా ఆడి వెళ్లిపోయాడు. మావాడు పెద్ద లీగ్‌లో పందొమ్మిది ఆటలు ఆడాడు. పోయిన అక్టోబర్లో మానేశాడు. ఇప్పుడు కాలేజీ పిల్లలకి నేర్పుతున్నాడు. ఎవరికి ఎంత దక్కిందో తేల్చే చదువు నాకు లేదు. తేల్చగలిగినవాడు ఆ పెట్టెలో పడుకుని వెళ్లిపోయాడు.

కానీ ఆ ఖాళీలో ఒకటి రాశాను. నిన్న పొద్దున. షాలేం రాజు మీద నేనిచ్చిన తీర్పు తప్పు అని. ఆ రోజు నాకు తెలిసింది ఎంతో చూసుకోలేదు, తర్వాత జరిగింది చూసి కాలరు పట్టుకున్నాను అని. తారీఖు వేసి సంతకం పెట్టాను. అమ్మా జోసఫిన్, ఈ కవరు నీది. తీసుకో.

మనం సంఘంగా లేచి నిలబడితే ఎవరో ఒకరు ప్రార్థన ఎత్తుకుంటారు. ఇవాళ ఎవరూ ఎత్తుకోవద్దని నా మనవి. పెదవులు కూడా కదపవద్దు. ఆ మనిషి మన మధ్య దాదాపు ఐదేళ్లు నోరు విప్పకుండా కూర్చున్నాడు. మనం ఒక్క నిమిషం ఉందాం.

లేవండి.