జానెడు దూరం

పరిశోధనశాలలో అత్తగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఎదురుగా, మంచినీళ్ళ గ్లాసు పట్టుకున్న ఇనుప మరచెయ్యి. దాని తీగలు సర్దుతున్నది కోడలు; నాలుగేళ్ళుగా ఆమె లోకమంతా ఆ మరచెయ్యే. పావుగంటలో కమిటీ రావాలి.

"జుట్టలా విరబోసుకున్నారేమిటి అత్తయ్యా? ఇవాళా?"

"ముడి వెయ్యమని మూడు రోజులుగా అడుగుతున్నాను. నీకు తీరికేదీ?"

"ఒక్క ముడి మీరు వేసుకోలేరా?"

"ఈ మహాతల్లికి చెప్పు, వేస్తుంది. అన్నీ చేస్తుందిగా."

"అన్నీ కాదు. చేతులు లేవనివాళ్ళకి నోటి దాకా గ్లాసు తెచ్చి నీళ్ళు తాగిస్తుంది. ఆ ఒక్క పని నేర్పడానికే నాలుగేళ్ళు పట్టింది."

"నయం. మా వాడికి ముప్ఫై ఐదేళ్ళుగా నేర్పుతున్నాను, ఇంకా గ్లాసు తీసి ఎవరికీ ఇవ్వడు."

"వేళాకోళాలొద్దు అత్తయ్యా. వాళ్ళు సరేనంటేనే ఈ ప్రాజెక్టు ఉంటుంది, నా ఉద్యోగం ఉంటుంది. లేదంటే రెండూ గోవిందా."

"భయమెందుకు? నూటికి తొంభై ఆరుసార్లు తాగించిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నావుగా."

"అది ఈ ఎనిమిది నెలలూ మిమ్మల్ని కూర్చోబెట్టి చూసిన లెక్క. మీరు మూడు రోజులుగా రానంటే నిన్న గుమాస్తాగారిని కూర్చోబెట్టాను."

"ఆయనకి దాహం వెయ్యలేదా?"

"మొహానికి జానెడు దూరంలో ఆగిపోయింది. పదిసార్లూ అంతే."

"ఓహో."

"ఓహో ఏమిటి?"

"ఏం లేదు. పెద్ద చదువుల సంగతి, నాకేం తెలుసు."

"అత్తయ్యా."

"ఆయన చెయ్యి చాపి గ్లాసు అందుకోలేదూ?"

"ఎందుకు చాపుతారు? చేతులు ఒళ్ళో పెట్టుకుని... ఉండండుండండి. మీరు చాపేవారా?"

"మొదట్లో ఒకటి రెండుసార్లు."

"తర్వాత?"

"తర్వాత అలవాటైపోయింది."

"ఎనిమిది నెలలూనా?"

"అంత పెద్ద కెమెరా పెట్టావు, అది చూడలేదూ?"

"మొహం ఒక్కటే చూస్తుంది. చేతులు లేవనివాళ్ళకి కదా అని చేతుల్ని లెక్కలోంచి నేనే తీసేశాను. గ్లాసు ఖాళీ అయితే చాలు, ఈ మరచెయ్యి గెలిచానని రాసుకుంటుంది. జానెడు దూరంలో ఆగినా గెలుస్తుంటే ఇంకా ముందుకెందుకొస్తుంది?"

"తెలివైనదే. అచ్చం నా కొడుకే."

"అసలెందుకు చేశారలా?"

"అది ఆగినప్పుడల్లా నీ మొహం చూడలేకపోయేదాన్ని. తిండి మానేసి, తలెత్తకుండా కంప్యూటరు ముందే కూర్చునేదానివి. జానెడే కదా, పోనీలే అనుకున్నాను."

"ఎంత ఉపకారం చేశారు. నిండా ముంచారు."

"అలాగే అను. ఇంట్లో అయితే పాడైన కూరకి కూడా నన్నే అంటావు."

"మెట్ల మీద మాటలు వినబడుతున్నాయి. వచ్చేశారు. అత్తయ్యా, వాళ్ళు పక్కగదిలో తెర మీద చూస్తారు. తెర మీదా మీ మొహమే కనబడుతుంది."

"అయితే?"

"ఎప్పటిలాగే... ఈ ఒక్కసారికి."

"ఎప్పటిలాగే ఏమిటి? నోరు తెరిచి చెప్పు."

"చెయ్యి చాపండి. మీకు పుణ్యముంటుంది. ఈ ఒక్క గండం గట్టెక్కితే దానికి మళ్ళీ మొదటి నుంచి నేర్పుకుంటాను."

"చాపనా ఏమిటి, నీకోసం. కానీ భుజాలు రెండూ పట్టేశాయి, మూడు రోజులుగా చేతులు పైకి లేవడం లేదు. ముడి వెయ్యమని ఎందుకడిగాననుకున్నావు మరి?"