మంగ్లి బిడ్డ, కమ్లి పాలు

1988 ఆగస్టు 16, మంగళవారం ఉదయం. పోలీసు స్టేషనులో మండల రెవెన్యూ అధికారి గారి ఎదుట చెప్పినది.

నా పేరు పున్నమ్మ. వయసు నలభై ఆరు. టేకులపల్లి దగ్గర బద్యాతండా బడిలో టీచరును. భర్త పేరు కూడా కావాలన్నారు. వెంకటప్పయ్య. ఈ కేసుతో ఆయనకు సంబంధం లేదు. నన్నెవరూ పిలవలేదు, నేనే వచ్చాను.

మా తండాలో లాలు భార్య మంగ్లికి నలభై నాలుగేళ్లు. కోడలు కమ్లికి ఇరవై. ఈ ఏడు ఇద్దరూ గర్భవతులే. కోడలి కడుపు ఊరంతటికీ తెలుసు. అత్త తన కడుపును కుచ్చుల లంగా కింద దాచుకుంది. నెలనెలా కోడల్ని దవాఖానాకు తీసుకెళ్లింది ఆమే. కోడలికి లోపల బీపీ చూస్తుంటే, ఆమె వాచిన కాళ్లతో బయట బెంచీ మీద కూర్చునేది. కాళ్లేమిటని అడిగాను. "నడక ఎక్కువైంది పంతులమ్మా" అంది. నమ్మాను.

నిన్న దవాఖానాలో మంగ్లి తెలివిలోకి వచ్చాక మళ్లీ అడిగాను. "కోడలు కనే ఇంట్ల నేను గూడ కంటానని ఏ మొకం పెట్టుకొని చెప్పాలె?" అంది. అరవై ఏళ్ల మగవాడికి బిడ్డ పుడితే మేకను కోస్తారు. ఆడదయితే ముఖం దాచుకోవాలి. ఇది ఉపన్యాసమని ఎస్సై గారు అంటున్నారు. కాదు, కారణం. రాయండి.

కమ్లి ఆడపిల్లను కన్న రెండు వారాలకు, మొన్న గురువారం ఉదయం, మంగ్లి తల పగిలిపోతోంది, కళ్లు కనబడటం లేదంటూ పొయ్యి దగ్గర పడిపోయింది. ఫిట్సు వచ్చాయి. అప్పటికి ఎనిమిదో నెల. నన్ను పిలిస్తే వెళ్లాను. జీపు వచ్చేలోపే మగబిడ్డ పుట్టాడు. పిల్లికూనంత ఉన్నాడు. తల్లికి మళ్లీ ఫిట్సు. ఆమెను జీపులో పడుకోబెట్టాం. బిడ్డ సంగతేమిటన్నాను.

"ఇంట్ల పాలున్న మనిషి ఉండంగ పిల్లగానికి దవాఖానా ఎందుకు?" అన్నాడు లాలు తమ్ముడు దస్రు. బిడ్డను కమ్లి ఒళ్లో పెట్టింది అతనే. అది సబబే అనిపించి నేనూ ఊరుకున్నాను.

శనివారం ఉదయం బిడ్డ పోయాడు. కమ్లి తన పాలు తన బిడ్డకే తాపి, మరిదయ్యే ఆ పసివాడి కడుపు ఎండబెట్టిందని, మరిది బతికితే భూమిలో వాటా అడుగుతాడని భయపడిందని, ఇప్పుడు ఫిర్యాదు ఇచ్చింది కూడా ఆ దస్రే.

నేను చూసింది ఇది. ఆ రెండు రోజులూ కమ్లి తన బిడ్డను పక్కింటి హేమ్లికి ఇచ్చింది. హేమ్లికీ చంటిపిల్ల ఉంది. "నాదేమన్న బర్రె పొదుగా, ఇద్దరికి తాపనీకి?" అని గొణుగుతూనే తాపింది. కమ్లి తన పాలన్నీ మరిది కోసమే పెట్టుకుంది. వాడు చప్పరించలేకపోతే పాలు పిండి, గుడ్డ తడిపి, పెదాల మీద అద్దింది. పాలు నోటి పక్క నుంచి కారిపోయేవి. "తాగుతలేడు పంతులమ్మా" అంది. మళ్లీ తడిపింది. "తాగుతలేడు" అంది.

ఆదివారం డాక్టరును అడిగాను. ఈ వయసు కాన్పుల్లో బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువ, ముందే చూపించుకుంటే కనిపెట్టుకుని ఉండేవాళ్లం అన్నారు. నెలలు నిండని బిడ్డకు చప్పరించే బలం ఉండదు, ఒంట్లో వేడి నిలవదు, తల్లితో పాటే తేవాల్సింది అన్నారు. ఆయన్ను పిలిపించి అడగండి. హేమ్లినీ అడగండి.

హేమ్లి గేటు బయటే ఉంది. ఆమె చేతుల్లో ఏడుస్తున్నది కమ్లి బిడ్డ. కమ్లి పొద్దుటి నుంచి మీ వరండాలో కూర్చుని ఉంది. రవిక ముందంతా తడిసిపోయింది. విచారణ అయ్యేదాకా ఎవరినీ కలవనివ్వరట. ముందు ఆ బిడ్డను తల్లికి ఇవ్వండి. అప్పటిదాకా నేను సంతకం పెట్టను.

ఇచ్చారు.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. అంతా నిజం. బిడ్డ ఏడుపు ఆగిన తర్వాత చదివారు కనుక ప్రతి మాటా వినబడింది.

(సం.) పున్నమ్మ