అన్నిటికన్నా చిన్న స్క్రీన్

అక్క పోయాక పది రోజుల సెలవు ముగించుకుని అతను ఆ ఉదయమే ఆఫీసుకు వచ్చాడు. వాళ్లు తయారుచేసే మెసేజ్‌ల యాప్‌ను రకరకాల ఫోన్లలో పరీక్షించే అమ్మాయి, ఆ ఫోన్ల జాబితా పట్టుకుని అతని బల్ల దగ్గర నిలబడింది.

"అన్నా, ఈ అన్నిటికన్నా చిన్న స్క్రీన్‌ని తీసేద్దామా? దీంట్లో 'పంపు' బటన్ అంచు కిందికి జారిపోతోందని ఏడు నెలలుగా రాస్తున్నా."

"ఇందాకే సరిచేశా."

"ఇప్పుడెందుకన్నా? పోయిన నెల ఆ సైజులో మన యాప్ వాడింది ఒక్కరే."

"ఆ ఒక్కరూ మా అక్క."

అమ్మాయి పెన్ను మూత పెట్టేసింది.

"నా మొదటి జీతంతో కొనిచ్చిన ఫోన్. ఎంత చెప్పినా మార్చలేదు. బటన్ కనపడట్లేదురా అనేది. ఎవరూ వాడని ఫోన్ పట్టుకుని కూర్చున్నావని విసుక్కునేవాణ్ణి."

"ఫోన్ చేసి మాట్లాడేవారేగా?"

"చేసేది. 'పనిలో ఉన్నాను, మెసేజ్ పెట్టు' అనేవాణ్ణి."

అతను జేబులోంచి అరచేతిలో ఇమిడిపోయే పాత ఫోన్ తీసి బల్ల మీద, తన ఫోన్ పక్కన పెట్టాడు. కొత్త మార్పుతో ఆ పాత ఫోన్‌లో బటన్ పైకి వచ్చింది. బటన్‌కి పైన, రాసి పంపని మెసేజ్ ఒకటి అలాగే ఉంది: 'ఒంట్లో అస్సలు బాలేదురా. ఒక్కసారి వచ్చి వెళ్లు.'

"ఎప్పటిదన్నా ఇది?"

"పోవడానికి నాలుగు రోజుల ముందుది."

అతను 'పంపు' నొక్కాడు. పక్కనున్న తన ఫోన్ చిన్నగా మోగింది.

"వచ్చింది," అన్నాడు. "పనిచేస్తోందని రాసుకో."