కువైట్‌కు తెలిసిన వేళ్లు

హనుమకొండలో ఒక మెడికల్ షాపు పైగది. బయట బెంచీ మీద వర్ధన్నపేట దర్జీ, అతని భార్య కూర్చుని లోపలి నుంచి పిలుపు కోసం చూస్తున్నారు.

"ఇంటికి పోదాం పా. నాకు భయమైతాంది," అందామె.

"వేళ్ల కొసలకు జర తోలు తీసి మళ్ల కుడ్తరు, అంతే."

"పోలీసులకు తెలిస్తే?"

"మెల్లగ మాట్లాడు."

"వీసా అయిపోయినంక గూడ ఉన్నవని కువైటోల్లే ఎల్లగొట్టిండ్రు. ఆడ విమానం దిగంగనే మిషన్ మీద వేలు పెట్టాలె. దొరికితే జైలే గదా?"

"అందుకే గదా ముద్రలు మార్చుకునేది."

"ఈడ కుట్టుపని లేదా?"

"ఉన్నది. కని కండ్లు మూస్తే ఆ సముద్రం గాలే. షాపు మూసి ఒడ్డుపొంటి నడుస్తాంటే, చేపలమ్మే ముసలాయన 'మాస్టర్' అని పిలిచి చాయ్ పోసేటోడు. పదహారేండ్లు ఆ ఊరే నన్ను మనిషిని చేసింది."

"ఆ ఊరు నిన్ను గుర్తువట్టొద్దనే వేళ్లు కోయిచ్చుకుంటానవ్. గుర్తువట్టని ఊర్ల నీకు చాయ్ ఎవలు పోస్తరు?"

అతను అరచేతులు తిప్పి వేళ్ల కొసలు చూసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. "లోపలికి రాండ్రి."

"నన్ను ఈడికెల్లి తీస్కపో," అన్నాడతను భార్య చేయి పట్టుకుని.

వెనక నుంచి పిలుస్తున్నా ఆగకుండా ఇద్దరూ మెట్లు దిగి బస్సెక్కారు.

"ఇగ ఆ ఊరు నాకు లేనట్టేనా?"

రేపు తనకు చెప్పకుండా ఒక్కడే ఆ పైగదికి వెళ్తాడేమోనని ఆమెకు ఇంకో భయం పట్టుకుంది.