క్యాసెట్ చివర లింబాద్రి పాట

కూసో బిడ్డా శ్రీలతా, గావా తాగు, గీ అరబ్బోళ్ల కాఫీ. మీ నాయిన లింబాద్రి ముచ్చటనే కదా నీకు కావాల్సింది? చెప్త, తొందరెందుకు! గప్పుడు ఈ అరబ్బు దేశంల, గీ హాయిల్ ఊర్లె గోధుమ తోటల పన్జేసేటోళ్లం, తొమ్మిది మందిమి ఒక్క రూముల. ఫోన్లెక్కడియి? క్యాసెట్ల మాట్లాడి, ఊరికి పోయేటోని చేతికిస్తుంటిమి. మా మాటలు అయినంక మీ నాయిన టేపు ముందర కూసుండి, రేకు డబ్బా కొట్టుకుంట ఓ పాట పాడేటోడు. ఎవ్వని క్యాసెటైనా చివర ఆయన పాట ఉండాల్సిందే. అబ్బబ్బ, ఏం గొంతు! జర బొంగురే గని, ఇంటే పానం లేచొస్తుండె. ఈజిప్టు నుంచొచ్చిన మిస్రీ ఫోర్మన్ సుత తలుపుకాడ నిలబడి ఇంటుండె, వానికి తెలుగు ఒక్క ముక్క రాదు.

అయితే ఏమైతుండె అంటే, ఊర్లె మావోళ్లు అదే క్యాసెట్ మీద జవాబు నింపి పంపుదురు. కొత్తది కొననీకి పిసినారితనం! బర్రె ఈనింది, పోరనికి జెరమొచ్చింది, మామ పొలం అమ్మిండు... గా ముచ్చట్ల కింద మీ నాయిన పాటలన్నీ కొట్కపోయినయ్. నేను లొల్లి చేస్తే ఆయనేమో నవ్వుడు. "పోనీయ్రా మల్లేశం, నాది పాటనే గదా, మల్ల పాడ్త. ఇంటి ముచ్చట మల్ల వస్తదా?" మీ అమ్మకు మాత్రం ఎన్నడు పాడి పంపలే. "వాడకట్టంత కూసోని ఇంటరు, సిగ్గు" అనేటోడు. నువ్వింకా నడుస్తలేవు గప్పటికి, ఈడ తోటల ఆయన మీద ట్రాక్టర్ బోల్తా పడ్డది. సరే, గది వద్దు.

మొన్న నువ్వడిగితే ఒక్క క్యాసెట్ గూడ లేదన్న చూడు, అది అబద్ధం బిడ్డా. కోపం చేయకు. ఒక్కటుంది. మా అమ్మ జవాబు. సగం మాట్లాడినంక దగ్గొచ్చి ఆపింది, గా వెనక మీ నాయిన పాట చెరగకుండ మిగిలింది. అది నాకు చేరేసరికి అమ్మ లేదు. ముప్పై ఏండ్లాయె, మల్ల పెట్టలే. రిపేరు చేసే అనీస్ చూసి, "చాచా, రీలు పెళుసైంది, ఒక్కసారి తిరుగుతదేమో. జోరుగ ముందుకు తిప్పితే మాత్రం తెగుతది" అన్నడు. అంటే మా అమ్మ మాటలు మొత్తం దాటి పోవాలె. నడుమల తెగిందనుకో, నాకు అమ్మ లేదు, నీకు నాయిన లేడు. గందుకే దాచిన. గని బుద్ధెరిగినంక నాయిన గొంతే ఇనలేదంటివి నువ్వు, గప్పటిసంది నాకు అన్నం సయిస్తలేదు.

నీ ఫోన్ల రికార్డు నొక్కు. ఏడ్సకు, గది గూడ ఎక్కుతది. ఆఁ... తిరుగుతుంది, తిరుగుతుంది. గదే మా అమ్మ. "మల్లేశా, తింటున్నవా కొడకా?" అంటున్నది. తింటున్ననే అమ్మా. జర ఓపిక పట్టు బిడ్డా, ఇంకెంతో లేదు. అగో, దగ్గు... ఆపింది. ఇగ నేను మాట్లాడ. ఇను.